సందు లేని గోడ

మా నాయన కోదండానికి కుడిచెయ్యి పడిపోయింది మార్చి నెలాఖర్లో, మూడో మగ్గం కాడ. తెగిన పోగు ముడెయ్యబోయి, "మురుగా, ఈ దారం నిలవడంలేదురా, జారిపోతా ఉండాది" అన్నాడు. దారం బాగానే ఉంది. వేళ్లే పట్టు తప్పినాయి. ఆ పూటే తిరుపతికి తీసుకుపోయినాము కాబట్టి మాట, నడక దక్కినాయి. చెయ్యి మాత్రం మోచేతి నుంచి కిందికి తడిగుడ్డ మాదిరి వేలాడతా ఇంటికొచ్చింది.

నగరిలో మాది ఆరు పవర్‌లూముల షెడ్డు, ఇంటిని ఆనుకునే ఉంటుంది. నాయన ముప్పైయెనిమిదేళ్లు ఆ చప్పుడులోనే బతికినాడు. ఏ మగ్గంలో పోగు తెగిందో అన్నం తింటా తింటానే కనిపెట్టేవాడు. అట్లాంటి మనిషి ఇప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని, చెవులు షెడ్డులో పెట్టి కూర్చునేవాడు. పుత్తూరు నుంచి ఫిజియోథెరపీ సునీల్‌కుమార్ వారానికి మూడుసార్లు వచ్చి, రబ్బరు బంతి ఇచ్చి, పూటకు వందసార్లు పిసకమన్నాడు. నాయన రెండో దినమే ఆ బంతిని ఎడమచేత్తో వీధిలోకి విసిరేసినాడు.

ఏప్రిల్లో మా చెల్లెలు మోనికా సెలవులకు వచ్చింది. తిరుపతిలో బొమ్మలు గీసే కోర్సు చదువుతా ఉండేది. వచ్చిన మూడో పొద్దున నా గేమ్ కంట్రోలర్ తీసుకుపోయి నాయన చేతుల్లో పెట్టింది. కుడి బొటనవేలు తనంతట తాను లేవదు కదా, దాన్ని తనే పట్టి లేపి కుడి గుబ్బ మీద ఆనించింది.

"నాయనా, ఎడమది తోస్తే మనిషి నడుస్తాడు. కుడిది తోస్తే తల తిప్పి చూస్తాడు. అంతే."

"యాడికి నడవాల?"

"యాడికైనా."

"యాడికైనా అంటే ఎట్లమ్మా?"

"నీ ఇష్టం నాయనా. ఊరకే."

ఆ ఆట పేరు కూడా అదే. 'ఊరకే'. మోనికా సొంతంగా చేసింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాల. ఆ ఇంట్లో మొదట ఆటలు చేసినవాణ్ని నేను. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివినాను. చదువైన దినమే నాయన, "రేపట్నుంచి మగ్గాల కాడికి రా" అన్నాడు, వచ్చినాను. కరెంటు పోతే మగ్గాలు ఆగిపోతాయి, ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తుంది. మధ్యాహ్నం కరెంటు కోతల్లో, నూలు మూటల మీద కూర్చుని, మూడేళ్లు ఒక్క ఆట చేసినాను. 'ఏడు వాకిళ్లు'. ఒక కోట, అందులో ఒకే దారి. చేతిలో దీపం పట్టుకున్న ఆడపిల్ల ఒకతె ఆ దారెంటే పోవాల. ఒక్కో వాకిలి ముందరిదానికంటే కష్టం. కాలు జారితే మళ్లా ఆ వాకిలి మొదటికే. పక్కకు తిరిగేదానికి లేదు, ఎనక్కి పోయేదానికి లేదు. ఏ అడుగు కాడ ఆడేవాడి గుండె అదరాలో, ఏ మలుపు కాడ ఊపిరి పీల్చుకోవాలో, అంతా నేనే కూర్చినాను. నాలుగో వాకిట్లో వంతెన కూలే చోటును పద్నాలుగుసార్లు మార్చినాను. ఇంకో అంగుళం ముందు కూలితే అన్యాయం, ఇంకో అంగుళం తర్వాత కూలితే చప్పన.

బొమ్మలన్నీ మోనికానే గీసిచ్చింది. ఏడు వాకిళ్లూ దాటిన మనిషి కూడా, నాకు తెలిసి, మోనికా ఒక్కతే. నాలుగోది దాటిన దినం ఎగిరి గంతేసి నన్ను గట్టిగా పట్టుకుని అరిచింది. అప్పుడు నాకు చాలా గర్వంగా ఉండింది.

తర్వాత, నా ఆటలో మనిషి నడిచే కోడ్ అడిగి తీసుకుని, తను ఇంకొకటి మొదలుపెట్టింది. అందులో నగరి మాదిరే ఒక ఊరుంటుంది. ముక్కు మాదిరి కొండ ఉంటుంది. నదిలో, మా కుశస్థలిలో ఎన్నడూ చూడనన్ని నీళ్లుంటాయి. వీధుల్లో రంగేసిన నూలు ఆరేసి ఉంటుంది. ఎవరినైనా పలకరిస్తే ఒకటో రెండో మాటలు చెప్తారు. పొద్దు వాలుతుంది, మళ్లా లేస్తుంది. గెలుపు లేదు, ఓటమి లేదు.

"ఇది ఆటెట్లయితాది?" అన్నాను ఒక మధ్యాహ్నం, సంగటి తింటా. "దారి లేదు, కష్టం లేదు. ఓడిపోయే భయం లేనప్పుడు ఏముందని ఆడాల?"

"నడిచేదానికి," అన్నింది మోనికా. "చూసేదానికి."

"నడిచేదానికైతే వీధిలో నడవచ్చు."

"నాయన వీధిలోకి రాడు కదన్నా. చెయ్యి ఎవురైనా చూస్తారని."

ఆ మాట నిజమే. అయినా ఊరుకోలేదు. "నాలుగో వాకిలి దాటినప్పుడు అరిచినావు చూడు, అట్లాంటి అరుపు నీ ఆటలో ఎవురికన్నా వస్తాదా?"

"రాదు," అని ఒప్పుకునింది. "నీ ఆటలో యాడ సంతోషపడాలో నువ్వే పెట్టింటావు. ఆడ నేను సంతోషపడినా, బాగానే ఉండింది. నా ఆటలో యాడ సంతోషపడతారో నాకే తెలీదు. తెలుసుకోవాలని ఉంటాది నాకు. అంతేన్నా. నీది తప్పని అన్లేదే."

మా అమ్మ వనజాక్షి మధ్యలో వచ్చి ఇద్దరి కంచాల్లో పులుసు పోసి, "తినండి ముందు, ఆటల గురించి కొట్లాడే వయసా ఇది?" అనింది.

నాకు ఇరవయ్యెనిమిది అప్పటికి. మోనికాకు ఇరవైరెండు. అది ఇంటర్ అయినాక బీకామ్‌లో చేరి, ఏడాదికి మానేసి, బొమ్మలు నేర్చుకుంటానంటే నాయన ఒకే ఒక్క మాట అన్నాడు, "దాని ఇష్టం." నేను చెన్నైలో సుబ్రమణ్యం అనే స్నేహితుడి దగ్గర ఆర్నెల్లు ఉండి పని వెతుక్కుంటానంటే, "మగ్గాలు ఎవురు చూస్తారు?" అన్నాడు. నేను చిన్నప్పుడు పోగు ముడి తప్పేస్తే, మొదట్నుంచీ మళ్లా వేయించేవాడు. తొమ్మిదో ముడికి తను చేతులు ఊపుకుంటా పోయి నీళ్లు తాగొచ్చి, నన్ను పదో ముడి వెయ్యమనేవాడు. అదే మోనికా పాప షెడ్డులోకి వస్తే నూలు కండెలతో గోపురం కట్టుకోనిచ్చేవాడు. ఇవన్నీ నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదనే అనుకునేవాణ్ని.

మే నెలలో నాయన మారిపోయినాడు. పొద్దున ఇడ్లీ తిని, పది గంటలకు హాల్లో టీవీ ముందర కూర్చునేవాడు. టీవీకి నా పాత కంప్యూటర్ తగిలించి పెట్టినాము. కంట్రోలర్‌ను ఒళ్లో దిండు మీద ఆనించుకుని నడిచేవాడు. మొదటి వారం ఆ మనిషి అరుగులకు, చెట్లకు గుద్దుకుంటా పోయినాడు. రెండో వారానికి వీధి దాటినాడు. మూడో వారానికి నది మీద వంతెన దాటి కొండ దారి పట్టినాడు. కుడి బొటనవేలు తనే లేస్తా ఉంది. సునీల్‌కుమార్ వచ్చి చూసి, "ఏం చేసినారబ్బా ఈయనకు?" అని ఆశ్చర్యపోయినాడు.

"మా మోనికా ఆట," అన్నాడు నాయన.

మధ్యాహ్నం భోజనాల కాడ, నిజంగానే ఎక్కడికో పోయొచ్చినట్లు చెప్పేవాడు. "వనజా, ఇయ్యాల కొండ ఎనక్కి పోయినా. ఆడొక మడుగుండాది. నీళ్లల్లో కొండ నీడ తలకిందులుగా, ఎంత బాగుండాదని. ఒక బండ మీద కూసున్యా."

"ఎంతసేపు కూసున్యావు?" అమ్మ అడిగేది, ఆమె కూడా నిజమైనట్లే.

"పొద్దు వాలేదాక."

నేను షెడ్డులో చెమటలు కక్కి వచ్చి, ఈ మాటలు వింటా అన్నం కలుపుకునేవాణ్ని. చెయ్యి బాగుపడతా ఉంది, సంతోషమే. ఆ సంతోషం కిందనే ఇంకొకటి సన్నగా మండతా ఉండేది. మూడేళ్లు నేను కష్టపడి కట్టిన కోటలో ఈ మనిషి ఒక్క అడుగు పెట్టలేదు. నాలుగు నెలల్లో అది గీసిన ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు.

ఒక ఆదివారం నేనే అడిగినాను. "నాయనా, నాది కూడా ఒకసారి ఆడి చూడరాదా?"

"పెట్టు," అన్నాడు వెంటనే.

మొదటి వాకిలి చిన్నపిల్లలకని చేసిందే. మూడు రాళ్లు, మూడు దుముకుళ్లు. నాయన మొదటి రాయి కాడ జారినాడు. మళ్లా జారినాడు. నేను పక్కన కూర్చుని, "ఇప్పుడు నాయనా... ఇప్పుడు... అబ్బా, లేటైపోయినావు" అంటా ఉన్నాను. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. చిన్నప్పుడు నా నెత్తిమీద నిలబడి పలికిన గొంతే. పంతొమ్మిదిసార్లు జారినాడు. మర్నాడు మళ్లా కూర్చున్నాడు, అదీ నేను అడగకముందే. ఆ దినం ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. కడాకు కంట్రోలర్ దిండు మీద పెట్టేసి, వేళ్లు ఎడమచేత్తో నలుపుకుంటా అన్నాడు:

"ఇది నాకు మగ్గం మాదిరి ఉండాదిరా. బతుకంతా ఇదే చేసినా."

కోపంగా అన్లేదు. అలసిపోయి అన్నాడు. అరగంట తర్వాత చూస్తే మడుగు కాడ బండ మీద కూర్చుని ఉన్నాడు.

జూన్ మొదట్లో మోనికా కలంకారీ నేర్చుకునేదానికి శ్రీకాళహస్తికి పోయింది, రెండు వారాలు. అది పోయిన రెండో దినం నూలు షావుకారు ఏకాంబరం నాయనను చూసేదానికి వచ్చినాడు. నాయన ఆయన్ను టీవీ ముందర కూర్చోబెట్టి, ఊరంతా తిప్పి చూపించినాడు. రంగు నూలు ఆరేసిన వీధి, వంతెన, కొండ. "మా పాప చేసింది. అన్నీ దాని బుర్రలోంచి వచ్చినాయి, యాడా చూసి గీసింది కాదు."

ఏకాంబరం వాకిట్లో నిలబడి ఉన్న నన్ను చూసి, "మరి మురుగేష్ ఏం చేస్తా ఉండాడు?" అన్నాడు.

నాయన తల తిప్పకుండానే చెప్పినాడు. "వాడా? వాడు మగ్గాలు చూసుకుంటాడు."

అందులో తప్పేముంది? నిజమే కదా. అయినా నేను షెడ్డులోకి పోయి, రెండో మగ్గం ఆగిపోయి ఉన్నా, దాన్ని చూస్తా ఊరకే నిలబడినాను.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. నాయన నిద్రపోయినాడు. నేను నూలు మూటల మీద కూర్చుని మోనికా ఆట తెరిచినాను. అందులో సగం కోడ్ నాదే, ఎక్కడేముందో నాకు తెలుసు. వంతెన దిగగానే ఒక గోడ కట్టినాను. పాత రాతి గోడ, నది ఒడ్డెంబడి ఆ చివర నుంచి ఈ చివరిదాకా. మధ్యలో ఒక తలుపు. కుడిచేతి బటన్‌ను సరైన లయలో మూడుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది. కొంచెం కష్టం కలిస్తే ఆటకు రుచి వస్తుంది, మోనికా వచ్చినాక చూపిస్తాను, అని నాకు నేను చెప్పుకున్నాను. కుడి బొటనవేలి సంగతి అప్పుడు నాకు తోచలేదని కూడా చాలాసార్లు చెప్పుకున్నాను. తోచింది. కరెంటు వచ్చినాక హాల్లో కంప్యూటర్లోకి ఎక్కించేసి, మగ్గాలు వేసినాను.

మర్నాడు పదింటికి నాయన వంతెన దాటినాడు. నేను షెడ్డు తలుపు సందులోంచి చూస్తా ఉన్నాను. గోడ ముందర నిలబడిపోయినాడు. ఎనక్కి వంతెన మీదికి పోయి, మళ్లా దిగినాడు. గోడెంబడి కుడివైపు చివరిదాకా నడిచినాడు. ఎడమవైపు చివరిదాకా నడిచినాడు. తలుపు కాడ నిలబడి బటన్ నొక్కినాడు, కానీ ఆ వేలు మూడోసారికి అందుకోలేదు. పదకొండింటికి టీవీ ఆపేసి స్నానానికి పోయినాడు.

భోజనాల కాడ అమ్మ అడిగింది. "యాడికి పోయినావు ఇయ్యాల?"

"యాడికీ లేదు."

నాకు ఆ పూట అన్నం రుచిగా ఉండింది. ఈ మాట చెప్పేదానికి సిగ్గుగా ఉంది. కానీ ఉండింది.

రెండో దినం కూడా అట్లే గోడెంబడి నడిచినాడు. మూడో దినం నన్ను పిలుస్తాడని, "ఈ గోడేందిరా" అని అడుగుతాడని ఎదురుచూసినాను. పిలిస్తే తలుపు ఎట్ల తెరవాలో చూపించి, పక్కన కూర్చుని దాటించి, "చూసినావా, కష్టపడి దాటితే ఎట్లుంటాదో" అనాలని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన పిలవలేదు. నాలుగో దినం టీవీ పెట్టలేదు.

అయిదో దినం అమ్మ షెడ్డులోకి వచ్చింది. మగ్గాలు ఆడేటప్పుడు ఆమె ఎప్పుడూ లోపలికి రాదు. నా చెవి కాడ నోరు పెట్టి చెప్పింది. "మీ నాయన పొద్దున్నుంచి నా పుట్టినూరి పేరు చెప్పి, సరేనా అని అడుగుతా ఉండాడు. నీ పుట్టినరోజు చెప్పినాడు, పాపది చెప్పినాడు. మగ్గంలో సామాన్ల పేర్లన్నీ ఒకటొకటే పలకతా ఉండాడు. ఏమయ్యా అంటే, 'ఏంలేదు, తల పనిచేస్తా ఉండాదా లేదా అని' అంటాడు. నాకు భయంగా ఉండాది మురుగా. ఆసుపత్రికి పోదాం."

మేము ముగ్గురమూ తిరుపతికి పోయినాము. డాక్టరు వేళ్లు చూసి, "చెయ్యి బాగా తేరుకుంటా ఉందే" అన్నాడు. "మరి ఇబ్బందేంది?"

నాయన నేల చూస్తా చెప్పినాడు. "దారి మర్చిపోతా ఉండా సార్."

"ఏ దారి?"

"దినామూ పోయే దారి." ఆట అని చెప్పేదానికి సిగ్గుపడినాడు. "మొన్నటిదాకా దారుండింది ఆడ. బాగా గుర్తుండాది నాకు. ఇప్పుడు పోతే గోడుండాది. అంటే, ఆ దారి నేను ఊహించుకున్యానో, ఏందో. మళ్లా ఇంకోసారి వస్తాదేమో సార్, ఇది? ఈసారి తలకు?"

డాక్టరు తల స్కానింగ్ రాసినాడు. నాయనను పండబెట్టి ఆ గుండ్రటి యంత్రంలోకి తోస్తా ఉంటే, అద్దం అవతల నిలబడి చూసినాను. ఎడమచేత్తో కుడి బొటనవేలిని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. అమ్మ నా పక్కన కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకుంటా ఏదో మొక్కుకుంటా ఉంది. ఆమెతో అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. స్కానింగ్‌లో కొత్తగా ఏమీ లేదన్నారు. నాయన ఆ మాట నమ్మలేదు. "దాంట్లో అన్నీ కనబడవులే" అన్నాడు బస్సులో.

ఇంటికి పోగానే గోడ తీసేద్దామనుకున్నాను. పుత్తూరు దాటినాక అర్థమైంది, అట్లా తీసేదానికి లేదని. మొన్న ఉన్న దారి నిన్న లేదు, నిన్న ఉన్న గోడ ఇయ్యాల లేదు అంటే, ఆ మనిషి తన తలను ఇంక జన్మలో నమ్ముకోడు. నాకు ఒకే ఒక్క దారి మిగిలింది.

మర్నాడు పొద్దున ఇడ్లీ తినేటప్పుడు చెప్పినాను. "నాయనా, ఆ గోడ నేనే పెట్టినా."

నాయన ఇడ్లీ తుంచినవాడు అట్లే ఆగినాడు.

"ఆడ దారుండింది. నీకు గుర్తుండేది నిజమే. ఏకాంబరం వచ్చిపోయిన దినం నేను గోడ పెట్టినా."

అమ్మ చేతిలో గరిటెను వంటగట్టు మీద పెట్టిన చప్పుడైంది. నేను తిట్లకోసం ఎదురుచూస్తా ఉన్నాను. చెంప పగలగొడతాడనుకున్నాను, ఎడమచేత్తోనైనా. ఆయన ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది. ఊపిరి వదిలినాడు.

"అయితే నా తల బాగానే ఉండాది," అన్నాడు.

"బాగానే ఉండాది."

"ఏదీ, సూపీ."

టీవీ పెట్టినాను. నాయన కంట్రోలర్ తీసుకుని వంతెన దాటినాడు. గోడెంబడి ఈ చివర నుంచి ఆ చివరిదాకా, బట్ట తనిఖీ చేసేటప్పుడు వేలితో తడిమినట్లు, నిదానంగా నడిచినాడు.

"మూడు దినాలు వెతికినా. యాడా సందు లేదు," అన్నాడు. "రాయికీ రాయికీ మధ్య పోగు దూరదు. బాగా కట్టినావురా."

నా చేతిపనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాటకోసం నేను ఇరవయ్యేళ్లు కాచుకుని ఉన్నాను. అది ఇట్లా వచ్చి చెవిలో పడింది.

"ఎందుకు పెట్టినావు?"

"నువ్వు పాప ఆటే ఆడతా ఉండావని."

ఊ అన్నాడు. "తీసెయ్," అన్నాడు. "నేను చూస్తా ఉండంగా తియ్యి."

ఆయన చూస్తా ఉండగా తీసినాను. కొండ దారి కనబడింది. నాయన ఆ దారిలో పోలేదు. కంట్రోలర్ నా చేతికిచ్చి వరండాలోకి పోయినాడు.

మోనికా శ్రీకాళహస్తి నుంచి వచ్చేసరికి అమ్మ ఫోన్లోనే అంతా చెప్పేసి ఉంది. అది నన్ను తిట్టలేదు. చేతి సంచైనా దింపకుండా హాల్లో కంప్యూటర్ ముందర కూర్చుని, ఆటనంతా తన డ్రైవ్‌లోకి ఎత్తుకుని, పాస్‌వర్డ్ మార్చింది. అంతా అయినాక నా పక్కకు తిరిగింది.

"నా ఆటను పాడు చేసింటే పోనీలే అనుకుందునన్నా. మళ్లా చేసుకుందును. నాయన తన తలను తానే అనుమానపడేట్లు చేసినావే."

"కష్టం ఉంటే బాగుంటాదని..."

"అది చెప్పొద్దు నాకు."

చెప్పలేదు. జూన్ ఆఖర్లో అది తిరుపతికి పోయింది. నేను ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. జులైలో దాని 'ఊరకే'ను చెన్నైలో ఏదో ఆటల ప్రదర్శనలో పెట్టినారని సుబ్రమణ్యం చెప్తే తెలిసింది. మనుషులు వరసలో నిలబడినారంట. నేను "అట్లనా" అన్నాను. ఆ దినమంతా మగ్గాల చప్పుడు చెవుల్లో ఎక్కువగా ఉండింది. తప్పు ఒప్పుకుంటే కుళ్లు పోతుందనుకున్నాను. పోలేదు. తలొంచుకుని కూర్చునింది, అంతే.

ఇంట్లో ఒక మార్పు వచ్చింది. ఒక సాయంత్రం నేను మగ్గాలు ఆపి కాళ్లు కడుక్కుంటా ఉంటే నాయన అడిగినాడు. "రేయ్, అప్పుడు నిన్ను మగ్గాల కాడికి వస్తావా అని అడిగినానా, రమ్మని చెప్పినానా?"

"చెప్పినావు."

"ఊ," అన్నాడు. మరుసటి వారం ఆరింట్లో మూడు మగ్గాలు పక్కవీధి కుప్పుస్వామికి బాడుగకు ఇచ్చేసినాడు. నన్ను ఒక్క మాట అడగలేదు, నాతో చెప్పనూ లేదు. మధ్యాహ్నాలు నాకు ఖాళీ దొరికినాయి. ఆ ఖాళీతో ఏం చెయ్యాలో తెలీక మొదట్లో షెడ్డులోనే తిరిగేవాణ్ని.

ఆగస్టులో, ఆడి కృత్తిక పండగకు కావళ్లు మోసేవాళ్లు తిరుత్తణి గుడి దారి పట్టిన వారంలో, ఒక పొద్దున నాయన కనబడలేదు. అమ్మ వీధి చివరిదాకా పోయి వచ్చింది. చెయ్యి పడిపోయినప్పట్నుంచి ఆయన ఒంటరిగా గడప దాటింది లేదు. నేను బండి తీసుకుని బస్టాండు కాడికి పోతే, టీ అంగడి గురవమ్మ చెప్పింది. "మీ నాయనా? తిరుపతి బస్సెక్కినాడే. చెయ్యి ఊపినాడు కూడా నాకు. కుడిచెయ్యే."

పుత్తూరు బస్టాండులో వెతికినాను, లేడు. బండిని ఎంత వేగంగా తోలినానో తెలీదు. వడమాలపేటలో రోడ్డు పక్కన టీ అంగడి ముందర, సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ల మీదికి ఎగ్గట్టుకుని, కుడిచేత్తో టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. గ్లాసు కొంచెం వణకతా ఉంది, కానీ ఒలకలేదు.

"ఏంది నాయనా ఇది? చెప్పకుండా..."

"నేనేం తప్పిపోలేదులే," అన్నాడు. "కూసో. టీ తాగు."

కూర్చోలేదు. ఆయన గ్లాసు దించి, రోడ్డు అవతలకు చూపించినాడు. మామిడి తోపు మధ్యలో కాలిబాట ఒకటి కనబడింది.

"ముప్పైయెనిమిదేళ్లు తిరుపతి అంగళ్లకు చీరల మూటలేసుకుని ఈ రోడ్డు మీద పోయినా, వచ్చినా. ఒక్క దినమన్నా ఈడ దిగలేదు. దిగేదానికి పనేముంది? ఆ తోపు ఎనక ఏముండాదో సూద్దామని దిగినా ఇయ్యాల. గుంటుండాదిరా ఆడ. చిన్నదే. కొంగలు ఒక ఇరవై ఉంటాయి. ఒకడు ఎద్దుల్ని కడగతా ఉండాడు. వాడితో మాట్లాడినా కొంచెంసేపు."

"బాగుండిందా?"

"బాగుండింది." ఇంకో గుక్క తాగినాడు. కళ్లు మెరుస్తా ఉన్నాయి. "మోనికాకు ఫోన్ చెయ్యి. దానికి చెప్పాల ఈ గుంట సంగతి. కొంగలు నీళ్లల్లో కాదు, ఎద్దు వీపు మీద నిలబడతాయని చెప్పాల. దాని ఆటలో కొంగల్ని నీళ్లల్లోనే పెట్టింది."

మళ్లా మోనికానే. ముప్పై కిలోమీటర్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చింది నేను, ఆయనకు ముందు గుర్తుకొచ్చింది అది. లోపల ఆ పాత మంట మళ్లా కదిలింది. జేబులోంచి ఫోన్ తీసి నంబరు నొక్కినాను.

ఈసారి ఎత్తింది. "ఏం?" అనింది.

"నాయన మాట్లాడతాడంట."

ఫోన్ నాయన కుడిచేతికి ఇచ్చినాను. తోపు, కాలిబాట, గుంట, కొంగలు, ఎద్దుల మనిషి, అన్నీ వరసగా చెప్పినాడు. అట్నుంచి అది ఏవేవో అడుగుతా ఉంది. "యాడిది అని అడగతావేందే, వడమాలపేట కాడ," అన్నాడు. కొంచెంసేపు విని, నా ముఖంలోకి చూసినాడు. చూస్తానే ఫోన్లో చెప్పినాడు.

"ఒక్కణ్నే ఎందుకొస్తానమ్మా? మీ అన్నే తీసుకొచ్చినాడు. బండి మీద."

నేను టీ అంగడి ముందర నిలబడి బండి తాళంచెవి చేతిలో తిప్పతా ఉన్నాను. అట్నుంచి మోనికా ఏదో అనింది. నాయన ఫోన్ నా చేతికి చాపినాడు.

"ఇదో, మాట్లాడు. నిన్నే అడగతా ఉండాది."

కాదు, నేను తీసుకురాలేదు అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఫోన్ తీసుకున్నాను.